పెళ్లి లేని బ్యాండు

జడ్చర్ల
12 మార్చి 2017

పెద్దనాయినకు,

ఇకమీదట ఫోను కాదు, ఉత్తరమే రాయాలని నిర్ణయించుకున్నాను. మొన్న "మోకాలు తగ్గిందా" అని అడిగితే "మేకలు అమ్మలేదు" అన్నావు. మళ్లీ అరిచి అడిగితే "అరవకు, వినబడుతాంది" అని కోప్పడ్డావు. కాగితమైతే నీ చెవిని నమ్ముకోవాల్సిన పని లేదు. నీకు అనుమానం వస్తే మళ్లీ చదువుకోవచ్చు.

అమ్మ, నేను బాగున్నాం. ల్యాబులో పని ఎప్పటిలాగే ఉంది. మందుబిళ్లలు నీళ్లలో ఎంతసేపటికి కరుగుతాయో చూసి రాయడం. రోజూ అవి కరుగుతాయి, నేను రాస్తాను.

ఈ మధ్య నాకొక పిచ్చి పట్టుకుంది. నెలకు రెండు ఆదివారాలు హైదరాబాద్ పోయి పాత ఆల్బంలు చూసి వస్తున్నాను. కొత్తవైతే ధర మండిపోతుంది, ఒకసారి వాడినవి పావు ధరకే దొరుకుతాయి. మా ల్యాబులో శివకృష్ణ అని ఉన్నాడు, ఆయనే అలవాటు చేశాడు. ఇద్దరం కలిసే పోతాం. బ్యాండ్ల విషయంలో మాత్రం రోజూ గొడవే. ఆయనకు కోల్డ్ వరండా కావాలి, నాకు సాల్ట్ ఫెర్రీ. రెండూ ఇంగ్లిష్ బ్యాండ్లే. పోల్చి పోల్చి వింటున్నాను. కోల్డ్ వరండాలో డ్రమ్ము ముందుకు వచ్చి గుండెల మీద కొడుతుంది. సాల్ట్ ఫెర్రీలో డ్రమ్ము ఎక్కడో వెనకగదిలో ఉంటుంది, గిటార్లు ముసురు పట్టినట్టు అంతటా కమ్ముకుంటాయి. వాళ్లెవరూ తలెత్తి చూడరు, నేల చూస్తూ వాయిస్తారు.

నువ్వు నలభై ఏళ్ల బ్యాండు మాస్టరువి. డ్రమ్ము ముందుండాలా, వెనకుండాలా? నువ్వేదంటే అదే ఖాయం చేస్తాను.

అమ్మకు ఇప్పుడే చెప్పకు. డబ్బంతా తగలేస్తున్నావని తిడుతుంది. నేనే మెల్లగా చెబుతాను.

నీ బిడ్డ,
భాగ్యశ్రీ

*

దేవరకొండ
20 మార్చి 2017

చిరంజీవి భాగ్యశ్రీకి పెద్దనాయిన ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ పెద్దమ్మ నాగులమ్మ రెండుసార్లు, నేను మూడుసార్లు చదివాం. నా భాష చూసి నవ్వకు. ఉత్తరమంటే పుస్తకం భాషలో ఉండాలని మా సారు బెత్తంతో నేర్పిండు. నేర్పాడు అని రాయాలి. ఇంకా సరిగ్గా రాలేదు.

సంగతి మాకు అర్థమైంది. వివరాలు అడగను. మీ అమ్మకు చెప్పను. పెద్దమ్మ మాత్రం "పిల్లగాడు మన జిల్లానేనా, అడుగు జర" అంటోంది. అడగనన్నాను.

ఇప్పుడు నా సంగతి విను. డీజే బండ్లు వచ్చినాక పోయిన సీజనులో మనకు దొరికినవి రెండే బరాత్‌లు. సామాన్లు తుక్కు కింద కొంటానని ఒక వ్యాపారి తిరుగుతున్నాడు. ఉగాది దాటాక తీసుకుపొమ్మని చెప్పేశాను కూడా. దవాఖానలో చెవుల డాక్టరు ఎడమది పోయిందన్నాడు, కుడిది ఏడాదో రెండేళ్లో అన్నాడు. నాకు అమ్మాలని లేదు. నీ పెళ్లికి నేనే వాయించాలని మీ నాయన మల్లయ్య పోయేముందు నా దగ్గర మాట తీసుకున్నాడు. నాకు చెవి ఉండగానే ఆ రోజు రావాలని నా ఆశ. నీ ఉత్తరం చూసి వ్యాపారికి వద్దని కబురు చేశాను.

నువ్వు అడిగినదానికి జవాబు. డ్రమ్ము ముందే ఉండాలి. వెనక ఉంటే జనానికి కాలు కదలదు. గిటారు మెడలో వేసుకుని నడవవచ్చు, మరి దాని వైరు ఎవరు మోస్తారు? నేల చూస్తూ వాయించేవాళ్లను నమ్మకు. పిల్లవాడి తరఫువాళ్ల మొహం చూడకుండా ఏ పాట వాయించాలో ఎట్లా తెలుస్తుంది? మనల్ని కూడా పాతవాళ్లు ఇంగ్లిషు బాజా అనేవారు, అది గుర్తుపెట్టుకో.

ఇంకొకరు వాడిన ఆల్బం మాత్రం కొనకు. కొత్తది నేను కొనిస్తాను. ఇన్ని బ్యాండ్లు పోల్చి చూస్తున్నావు, మన బ్యాండు పేరు ఎక్కడా రాయలేదు. అదొక్కటి మనసుకు కష్టమైంది.

మీ పెద్దనాయిన,
సోమన్న

*

జడ్చర్ల
2 ఏప్రిల్ 2017

పెద్దనాయినకు,

సామాన్లు అమ్మడం లేదని చదివి చాలా సంతోషపడ్డాను. నా పిచ్చి నీకు కూడా అంటుకుందనుకుంటాను. పెద్దమ్మకు చెప్పు, శివకృష్ణది మక్తల్ దగ్గర. వాళ్లకు గొర్లున్నాయి. ఆమెకు ఎందుకో గాని, అడిగింది కాబట్టి చెబుతున్నాను.

వాడినది కొనొద్దన్నావు. నాకు వాడినవే ఇష్టం. పోయిన వారం దొరికినదాని మీద లోపలివైపు "నాగరాణికి, ప్రేమతో" అని నీలిసిరాతో రాసి ఉంది. ఆ నాగరాణి ఎవరో, ఎందుకు అమ్ముకుందో అని దారిపొడుగునా ఆలోచించాను. మూలలు కొంచెం నలిగాయి, లోపల గీత కూడా లేదు.

డ్రమ్ము సంగతిలో నువ్వు శివకృష్ణ పక్షం చేరావు. ఆయనకు చెబితే పొంగిపోయాడు, "పెద్దనాయినను ఒకసారి కలవాలె" అన్నాడు. నేను మాత్రం సాల్ట్ ఫెర్రీని వదలను. ఆ బ్యాండు విడిపోయి పదేళ్లయింది, అయినా నాకు అదే కావాలి. విడిపోకముందు వాళ్ల గిటారు మనిషి ఒకాయన వెళ్లిపోయాడు. తర్వాత ఆయన చోట్లో ఇంకెవరినీ పెట్టుకోలేదు. వింటుంటే ఆయన వాయించాల్సిన జాగా ఖాళీగా వినిపిస్తుంది. నాయన పోయిన ఏడాది మీరు క్లారినెట్ లేకుండా వాయించింది గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అంతకుముందు ఏ పాట వింటూనూ ఏడవలేదు నేను.

మన బ్యాండు పేరు రాయలేదని కష్టపెట్టుకున్నావు. వీటితో మన బ్యాండును పోల్చగలనా, నువ్వే చెప్పు.

నీ బిడ్డ,
భాగ్యశ్రీ

*

దేవరకొండ
16 ఏప్రిల్ 2017

చిరంజీవి భాగ్యశ్రీకి,

పోల్చలేనన్నావు. నాలుగు రోజులు నాకు అన్నం సరిగ్గా పోలేదు. తర్వాత ఆలోచిస్తే నిజమేననిపించింది. మన కోట్లకు మోచేతుల దగ్గర చిల్లులు. పెద్ద డ్రమ్ము తోలు వదులైంది. సాయిలు మల్లేపల్లిలో టిఫిన్ సెంటరు పెట్టుకుని బాకా పట్టుకోక రెండేళ్లు దాటింది. అటువంటి బ్యాండును చదువుకున్న పిల్ల తన నలుగురి ముందు ఎట్లా నిలబెట్టుకుంటుంది?

అందుకని పిలిచాను. సాయిలు మొదట "నాకు దోసెలు పోసుడు తప్ప ఏం యాదికి లేదన్నా" అన్నాడు. "మల్లయ్య బిడ్డది" అన్నాను. ఆదివారం మధ్యాహ్నం బాకా తుడుచుకుని వచ్చాడు. ఇప్పుడు తొమ్మిది మందిమి అయ్యాం. ప్రతి ఆదివారం మా రేకుల కొట్టంలో సాధన చేస్తున్నాం. డ్రమ్ముకు తోలు మార్పించాను. తొమ్మిది కోట్లు కుట్టిస్తున్నాను, ఎర్రవి, మెడ దగ్గర బంగారు అంచు. మీ పెద్దమ్మ గుండీలు కుడుతోంది.

నువ్వు ఒక్క మాట వినాలి. విడిపోయిన బ్యాండుకు అడ్వాన్సు ఇవ్వకు. విడిపోయినవాళ్లు ఆ రోజుకు కలిసి వస్తారని నమ్మకం ఏమిటి? మనిషి తక్కువైతే జాగా ఖాళీగా వదిలేస్తారట, అది పనితనమా? మేము మల్లయ్య చోటు వదిలింది పనితనంతో కాదు, ఆ చోట్లో ఎవరు నిలబడినా నాకు చూడబుద్ధి కాలేదు.

ఆ నాగరాణి ఆల్బం ఆమెకు చేర్చే దారి చూడు. ఏం జరిగి అమ్ముకుందో పాపం. ఆమె బొమ్మలు తీసేసి మనవి అంటించుకోవడం మంచిది కాదు.

జూన్ నెలాఖరుకు ఆషాఢం వస్తుంది. అది దాటితే శ్రావణం దాకా ఆగాలి. మీరిద్దరూ తొందరగా తేల్చుకోండి. నా చెవి సంగతి నీకు తెలుసు.

మీ పెద్దనాయిన,
సోమన్న

*

జడ్చర్ల
7 మే 2017

పెద్దనాయినా,

ఈ ఉత్తరం ఎట్లా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

నీ పోయిన ఉత్తరం నాకు సగం అర్థం కాలేదు. బొమ్మలు అంటించడం ఏమిటి, ఆషాఢం ఏమిటి అనుకున్నాను. సరదాకు రాశావేమోనని ఊరుకున్నాను. నిన్న మీ దిక్కు బస్సు కండక్టరు హనుమంతు పెద్దమ్మ పంపిన మామిడికాయల సంచి ఇస్తూ, "పెండ్లెప్పుడు బిడ్డా? సోమన్న తొమ్మిది కోట్లు పెట్టిండు గద" అన్నాడు. తొమ్మిది కోట్లు ఎక్కడివని నాకు కళ్లు తిరిగాయి. అవి తొడుక్కునే కోట్లని అతను విడమరిచి చెప్పాక, మిగిలినదంతా ఒక్కొక్కటిగా తెలిసింది. బస్టాండులోనే కూర్చుండిపోయాను.

పెద్దనాయినా, పెళ్లి లేదు. నేను ఆల్బం అన్నది ఫొటోల పుస్తకం కాదు. ఒక బ్యాండు ఒకచోట కూర్చుని పది పన్నెండు పాటలు వాయించి, పాడి, ఒక పళ్లెంలో నింపి అమ్ముతుంది. ఆ పళ్లేన్ని ఆల్బం అంటారు. నేను కొనేది ఒకరు విని అమ్ముకున్న పళ్లేలు. ఆ బ్యాండ్ల వాళ్లు దేశం కాని దేశం మనుషులు. వాళ్లను నేను ఎన్నడూ చూడలేదు. శివకృష్ణకు పెళ్లయి ఏడేళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఆయన భార్య శోభక్క నాకు ఆదివారాలు టిఫిన్ కట్టి ఇస్తుంది.

తప్పు నాదే. బ్యాండు, ఆల్బం అని మన ఇంట్లో అంటే ఇంకేం అర్థమవుతుంది? అమ్మకు చెప్పొద్దని కూడా రాశాను. మన బ్యాండును పోల్చగలనా అంటే, దాని పక్కన వేరేవి నిలబడవని నా ఉద్దేశం. చిన్నప్పుడు నువ్వు పెద్ద డ్రమ్ము కొడితే నా కడుపులో మోగేది. ఏ ఆల్బంలోనైనా నేను ముందు వెతికేది దాన్నే.

నాకిప్పుడు పెళ్లి ఆలోచన లేదు. ఇంకో రెండేళ్లు కావాలని రాయబోయి ఆగాను. నీకు రెండేళ్లంటే ఏమిటో నాకు తెలుసు. నిన్ను బాధపెట్టాను, అది నన్ను తినేస్తోంది.

భాగ్యశ్రీ

*

దేవరకొండ
19 మే 2017

భాగ్యశ్రీకి,

ఉత్తరం అందింది. నువ్వు బాధపడకు. చెవుడు చెవికే ఉంటుందనుకున్నాను, కంటికి కూడా ఉన్నట్టుంది.

వ్యాపారికి మళ్లీ కబురు చేశాను. జూన్ నాలుగు, ఆదివారం, టెంపో తీసుకుని వస్తానన్నాడు. మనవాళ్లకు ఇంకా చెప్పలేదు. పోయిన ఆదివారం చెబుదామని నిలబడ్డాను. సాయిలు కొత్త కోటు వేసుకుని అద్దంలో చూసుకుంటున్నాడు. చెప్పలేక "మళ్లీ మొదటి నుంచి" అన్నాను. ఇంకో గంట వాయించారు.

ఒక్కటి అడుగుతాను, కోపంతో కాదు. పెళ్లి లేదు, బరాత్ లేదు. మరి ఆ బ్యాండ్లు ఎవరి కోసం వాయిస్తాయి? పాట మధ్యలో ఎవరూ వచ్చి "గిది ఆపు, ఇంకోటి కొట్టు" అనరా? నలభై ఏళ్లలో మేము ఒక్క పాట కూడా చివరిదాకా వాయించలేదు. తాగినవాడు ఒకడు మారుస్తాడు, లేకపోతే మండపం వచ్చేస్తుంది. మల్లయ్య తాను సొంతంగా కట్టిన అప్పగింతల పాట కూడా అంతే. కారు కదిలితే పాట అయిపోయినట్టే. దాని చివర ఎట్లా ఉంటుందో పక్కనే డ్రమ్ము కొట్టిన నాకే తెలియదు. తెలియకుండానే సామాన్లు పోతున్నాయి.

సోమన్న

*

జడ్చర్ల
26 మే 2017

పెద్దనాయినకు,

ఎవరి కోసం వాయిస్తారని అడిగావు. వాళ్ల కోసమే వాయించుకుంటారు. తర్వాత ఎక్కడో జడ్చర్లలో నాలాంటిది ఒకతి తలుపేసుకుని వింటుంది. వాళ్లకు నా సంగతి తెలియదు. పాట మార్చమనేవాళ్లు లేరు కాబట్టి ప్రతి పాటా చివరిదాకా పోతుంది.

నాయన పాట చివర నాకు తెలుసు.

బరాత్ నుంచి వచ్చిన మర్నాడు ఆయన గడపలో కూర్చుని క్లారినెట్ విప్పి తుడిచేవాడు గదా. అప్పుడు నోటితో ఆ పాట మొత్తం తీసేవాడు. నేను పక్కన కూర్చుని విప్పిన ముక్కలు పట్టుకునేదాన్ని. చివర వరకు విన్నది నేనొక్కదాన్నేనని నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. ఫోనులో పాడితే నీకు మేకలు వినిపిస్తాయి. కాబట్టి రాస్తున్నాను. మీరు ఎప్పుడూ ఆగిపోయే చోటు నుంచి ఇది:

తాన నాన తన్ననా
తాన నాన తన్ననా
తన్న (ఇక్కడ ఊపిరి తీసుకునేవాడు)
నాన నాన నా

ఆఖరి "నా" పైకి పోదు. పైకి పోతుందనిపిస్తుంది, కాని ఒక మెట్టు కిందికి దిగి అక్కడే ఉంటుంది. ఊపిరి అయిపోయేదాకా ఉంటుంది. తర్వాత నాయన మోకాలి మీద వేలితో ఒక్క దెబ్బ కొట్టేవాడు. "గిది మీ పెద్దనాయినది" అనేవాడు. అది నీ డ్రమ్ము.

సామాన్లు అమ్మొద్దనే హక్కు నాకు లేదు. నాలుగో తేదీన ఆదివారమైనా మా దగ్గర తనిఖీ ఉంది, సెలవు ఇవ్వరు. టెంపో వచ్చేలోపల ఒక్కసారి వాయించండి. అంతే అడుగుతున్నాను.

నీ బిడ్డ,
భాగ్యశ్రీ

*

దేవరకొండ
6 జూన్ 2017

బిడ్డా,

నీ కాగితంలో పాట ఉన్న ముక్క చింపి సాయిలు చేతికిచ్చాను. వాడు మూడు రోజులు దోసెలు పోస్తూ పాడుకున్నాడట. వచ్చినవాళ్లంతా వీనికి ఏమైందని అడిగారట.

ఆదివారం మనవాళ్లకు నిజం చెప్పేశాను. పెళ్లి లేదు, నా తప్పే అన్నాను. సాయిలు "పెండ్లి లేకుంటే ఏందన్నా, కోట్లయితే కుట్టినయి గద" అన్నాడు. అందరం వేసుకున్నాం.

నడవడానికి బరాత్ లేదు కాబట్టి కూర్చున్నాం. కూర్చుని వాయించడం మాకెవ్వరికీ రాదు. ఇద్దరికి కాళ్లు ఊరికే కదులుతూనే ఉన్నాయి. మల్లయ్య చోట్లో ఖాళీ బెంచీ ముక్క వదిలి, వాడి వరస సాయిలు బాకా మీద ఎత్తుకున్నాడు. ఎప్పుడూ ఆగిపోయే చోటు వచ్చింది. కారు లేదు. ఆ చోటు దాటుతుంటే నాకు భయమైంది, నిజం చెబుతున్నాను. ఊపిరి తీసుకునే జాగాలో తొమ్మిది మందిమీ తీసుకున్నాం. ఆఖరిది కిందికి దిగింది. నాకు కుడి చెవిలో సన్నగా వినిపించింది. అది ఆగినాక నా దెబ్బ కొట్టాను. నా దెబ్బకు నాకు చెవితో పనిలేదు, ఛాతీలో మోగుతుంది.

"అయిపోయిందా?" అని అడిగాడు సాయిలు. "అయిపోయింది" అన్నాను. పక్కన ఉన్నవాళ్లకు కళ్లు తడిశాయి, నాకు కూడా.

తలుపు దగ్గర వ్యాపారి నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. పాట నడుస్తోంది కదా అని ఆగాడట. నలభై ఏళ్లలో మా పాట అయ్యేదాకా నిలబడ్డ మొదటి మనిషి సామాన్లు తూకం వేయడానికి వచ్చినవాడు. వాయించే మనిషి లేని బాకాలు మూడు ఉంటే అవి ఇచ్చి పంపాను. మిగతావి ఇక్కడే ఉన్నాయి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాళ్లు వస్తూనే ఉంటామన్నారు. మీ పెద్దమ్మ చాయ్ పెట్టలేక చస్తానంటోంది గాని, ఆదివారం పొద్దున్నే పాలు ఎక్కువ తెప్పిస్తోంది.

ఇంకొక మాట. ఆ రాత్రి పడుకుని మల్లయ్య దవాఖానలో అన్న మాట మళ్లీ యాది చేసుకున్నాను. నా చెయ్యి పట్టుకుని వాడు అన్నది ఇది: "నా బిడ్డకు నువ్వే వాయించాలె అన్నా." అంతే. పెండ్లి అన్న మాట వాడి నోట రాలేదు. నేనే కలుపుకున్నాను. బ్యాండు ఇంకెందుకు ఉంటదని కలుపుకున్నాను. ఇన్నేండ్లు నీ పెండ్లి కోసం కాసుకొని కూసున్న. వాడు అడిగింది గది కాదు బిడ్డా.

నీకు ఏ ఆదివారం సెలవో రాయి. వచ్చేటప్పుడు ఆ సాల్ట్ ఫెర్రీ వాళ్ల పళ్లెం ఒకటి, అది మోగే డబ్బా తీసుకురా. డబ్బా మీద చెయ్యి పెట్టి చూస్తాను, డ్రమ్ము ఎంత వెనక ఉందో. అది అయినాక మేం వాయిస్తం. కొట్టంల కుర్చీ నీకొక్కదానికే ఏయిస్త. పాట మార్చుమని ఎవ్వలూ అనరు.

నీ పెద్దనాయిన,
సోమన్న